మంజు గొంతు మారకూడదనుకున్నాను

ఇన్నేళ్లు మోశాను. ఈ ఉదయం దించేశాను. దించినప్పటి నుంచి నాకు కాలూ చెయ్యీ ఒకచోట నిలవడం లేదు. కాఫీ కలుపుకుని తాగడం మరిచిపోయాను. ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పడం సులువనుకుంటున్నాను. లేక, ఒకసారి నోరు తెరిచాక ఇక మూసుకోవడం చేతకావడం లేదా? అదీ కావచ్చు.

పేరు చెప్పను. మాది కదిరి. పెళ్లయి బెంగళూరు వచ్చాను. పగలు ఒక బడిలో, సాయంత్రాలు ఇంట్లో పిల్లలకు పాటలు నేర్పేదాన్ని. సొంతంగా బాణీలు కట్టేదాన్ని. తెలుగులో కొన్ని, కన్నడలో కొన్ని. ఎవరూ అడగని బాణీలు. క్యాసెట్ల కంపెనీల వాళ్లు కూర్చోబెట్టి వినేవారు, బాగుందమ్మా అనేవారు, పంపించేసేవారు. అలా చాలా ఏళ్లు గడిచాయి.

తొంభైల చివర్లో ఆ బడిలో నా దగ్గరికి మంజు వచ్చాడు.

వాళ్లమ్మ గౌరమ్మ మాగడి రోడ్డు పక్క సందుల్లో ఒక షెడ్డులో ఊదుబత్తీలు చుట్టేది. బాగేపల్లి వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు. భర్త లేడు. ఒక్కడే కొడుకు. తొమ్మిదో తరగతి. వాడు వచ్చి నిలబడి, సిగ్గుపడి, గోడవైపు తిరిగి పాడాడు. నేను హార్మోనియం మీంచి చేతులు తీసేశాను. నిజంగా. వాయించడం మరిచిపోయాను! పసిపిల్లల గొంతులో తేట ఉంటుంది కానీ దమ్ము ఉండదు. పెద్దవాళ్లకు దమ్ము ఉంటుంది, ఆ తేట పోతుంది. వీడికి రెండూ ఉన్నాయి. పదిహేనేళ్ల కుర్రాడి ఛాతీలోంచి ఎనిమిదేళ్ల పిల్లాడి గొంతు. పై పంచమం దాకా అలా మెట్లెక్కినట్టు వెళ్లిపోయేవాడు, ముఖంలో ఒక్క గీత కదలకుండా.

నా బాణీలు వాడి గొంతులో విన్న మొదటి రోజు ఇంటిదాకా దాదాపు పరిగెత్తాను. ఇవి నేను కట్టినవేనా? ఇంత బాగుంటాయా? అంతకు ముందు బాగోలేనిది పాటా, పాడిన గొంతా? ఆ ప్రశ్న వేసుకున్న రోజే నేను చెడిపోయానేమో.

మరుసటి ఏడాదికి మంజు ఈడు పిల్లలందరికీ మీసాలు మొలిచాయి. గొంతులు బొంగురుపోయాయి. వాడు మాత్రం అలాగే ఉన్నాడు. గౌరమ్మకు దిగులు పట్టుకుంది. ఒకరోజు మా ఇంటికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

"అక్కా, నీకు ఇంగ్లీషొస్తుంది. వీణ్ని పెద్దాసుపత్రికి తోడుకోని పోదాం రా. వీని జతగాళ్లంతా మొగోళ్లయినారు. వీడు యాల ఇట్లే ఉండాడు?"

వెళ్లాం. ముగ్గురం. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. హార్మోన్ల విభాగమని అప్పుడే కొత్తగా పెట్టారు. డాక్టరు చిన్నవాడు. నెల్లూరు వైపు యాస. మంజును లోపలికి తీసుకెళ్లి పరీక్ష చేశాడు. బయటికి వచ్చాక కళ్లు మూసుకోమని, కాఫీపొడి ముక్కు దగ్గర పెట్టాడు. ఏం వాసన అన్నాడు. మంజు, "ఏం లేదు సార్" అన్నాడు. లవంగం తెప్పించి పెట్టాడు. దానికీ అదే జవాబు. గౌరమ్మ నవ్వింది. "వానికి చిన్నప్పట్నుంచీ అంతే సార్. బత్తీల షెడ్డుకి ఎవురొచ్చినా తుమ్ముతారు. వీడు గంధంపొడిలో పండుకోని నిద్రపోతాడు." డాక్టరు నవ్వలేదు. ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగు నాకు తెలుసు. కొత్త బాణీ తట్టినప్పుడు నా ముఖం అలాగే ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే రక్తం తీసుకున్నారు. ఫలితాలకు తర్వాతి వారం రమ్మన్నారు. ఆ వారం వినాయక చవితి ముందు పని జాస్తిగా ఉందని గౌరమ్మకు సెలవు దొరకలేదు. మంజుకు బడి. నేను సెలవు పెట్టి ఒక్కదాన్నే వెళ్లాను.

ఇప్పుడు చెప్పబోయేది ఆ గదిలో జరిగిన మాటలు. అవి నాకు తు.చ. తప్పకుండా గుర్తున్నాయి. మరిచిపోవాలని ఎంత చూశానో!

"తల్లిగారు రాలేదా?" అన్నాడు డాక్టరు.

"పనిలోంచి వదల్లేదండి. నేను వాడి సంగీతం టీచర్ని. ఇంట్లో మనిషి లాంటిదాన్ని. చెప్పండి, ఆవిడకు చెబుతాను."

ఆయన కాసేపు ఆలోచించాడు. కానీ ఆగలేకపోయాడు. ఆయనా ఉత్సాహంలో ఉన్నాడు.

"చూడండమ్మా. పిల్లాడు ఎదగలేదని చూస్తేనే తెలుస్తోంది. ఎందుకు ఎదగలేదో రక్తమే చెప్పాలి. మగపిల్లల హార్మోను ఒకటుంది, టెస్టోస్టిరాన్. అది బాగా తక్కువగా ఉంది. అది మనం అనుకున్నదే. దాన్ని తయారుచెయ్యమని తలలోంచి ఆజ్ఞ రావాలి. పీయూష గ్రంథి అని చిన్న గ్రంథి, రెండు హార్మోన్లు పంపిస్తుంది. ఆ రెండూ ఎక్కువగా ఉండి ఇది తక్కువగా ఉంటే, ఆజ్ఞ వస్తోంది, కింద పని జరగట్లేదు అని అర్థం. ఇక్కడ ఆ రెండూ కూడా తక్కువే. అంటే ఆజ్ఞే రావట్లేదు."

"ఆలస్యంగా వస్తుందేమో కదండీ?"

"కొంతమందికి వస్తుంది. వాళ్లకు మేం ఆగమనే చెబుతాం. ఈ వయసులో రక్తం ఒక్కటీ చూసి ఎవరికి ఆలస్యం, ఎవరికి అసలు రాదు అని తేల్చలేం. కానీ వీడికి వాసన తెలియదు. తల్లి కడుపులో వాసన నరాలూ, ఈ ఆజ్ఞ మొదలుపెట్టే కణాలూ ఒకే దారిన మెదడుకు చేరతాయమ్మా! ఒకటి తప్పిపోతే రెండోదీ తప్పిపోతుంది. నా అనుమానం గట్టిగా అదే. ఇంకో పరీక్ష చేస్తాం. ఇంజెక్షన్ ఇచ్చి, కాసేపు కాసేపటికి రక్తం తీసి చూస్తాం. తల స్కాన్ కూడా. అదే అయితే వైద్యం ఉంది. ఆలస్యం చెయ్యకూడదు. ఎముకలు బలపడే వయసిదే."

నాకు ఒళ్లు జలదరించింది. కాస్త రక్తంలో ఇంత కథా! తల ఏమంటోంది, ఒళ్లు ఏం వింటోంది, ఎక్కడ తెగింది, అన్నీ! నేను కుర్చీ అంచుకు వచ్చి కూర్చున్నాను. ఆనందమే, అబద్ధం చెప్పను. ఆ ఊపులోనే అడిగాను.

"మందు మొదలుపెడితే ఏమవుతుందండీ?"

"అందరిలా అవుతాడు. మీసం, గడ్డం. కొన్ని నెలల్లో గొంతు మారుతుంది."

"గొంతు మారుతుందా?"

"తప్పకుండా. మగవాడి గొంతు వస్తుంది."

ఆయన దాన్ని శుభవార్తలా చెప్పాడు. శుభవార్తే.

"మళ్లీ పాత గొంతు..."

"రాదమ్మా. ఎందుకొస్తుంది?" అని నవ్వాడు. "వచ్చే వారం తల్లినీ పిల్లాణ్నీ పంపండి."

మంజు పాట విని ఒక కంపెనీ ఒప్పుకుంది, ఆ నెలాఖరుకే స్టూడియోలో నాకు రోజు దొరికి ఉంది. జీవితంలో మొదటి క్యాసెట్. బాణీలన్నీ నావి. గొంతు మంజుది.

ఆసుపత్రి నుంచి మాగడి రోడ్డుకు బస్సులో వచ్చాను. దారంతా ఏం ఆలోచించాను? ఈ ఒక్క క్యాసెట్ అయిపోనీ అనుకున్నాను. ఒక్క నెల. నెలలో ఏం కొంప మునుగుతుంది? అలా అనుకుంటే సగం క్షమించవచ్చు. కానీ నేను దిగి షెడ్డులోకి వెళ్లేసరికి ఆ నెల నా మనసులోంచి ఎక్కడికి పోయిందో పోయింది. గౌరమ్మ బత్తీల పిండితో నల్లబడ్డ చేతులతో లేచి వచ్చింది.

"ఏమనెక్కా డాక్టరు?"

"ఏం లేదంట గౌరమ్మా. కొంతమంది పిల్లలు ఆలస్యంగా ఎదుగుతారంట. ఆగమన్నారు."

అంతే. నోరు తడబడలేదు. చూశారా, ఏం లేదంట అన్నది తప్ప అందులో ఒక్క మాటా పూర్తిగా అబద్ధం కాదు. కొంతమంది ఎదుగుతారనే ఆయన అన్నాడు. ఆగమంటాం అనే అన్నాడు. నేను కత్తిరించి అతికించానంతే. గౌరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని నా రెండు చేతులూ పట్టుకుంది. "దేవుడట్లా మనిషక్కా ఆయప్ప" అంది. రక్తపరీక్ష కాగితం కూడా ఆమె చేతికే ఇచ్చాను. అందులో అంకెలు తప్ప ఏమీ లేవు. దాచవలసింది కాగితం కాదు.

డాక్టరు ఊరుకోలేదు. నేను ఇచ్చిన బడి నంబరుకు ఫోన్ చేశాడు. వాళ్లు ఇంకో ఆసుపత్రిలో చూపించుకుంటున్నారండి అన్నాను. సరే, ఎక్కడైనా ఫరవాలేదు, ఆపకుండా చూపించమనండి అన్నాడు. కొన్నాళ్లకు ఆయన ఆ ఆసుపత్రే వదిలి ఏదో ఊరు వెళ్లిపోయాడని విన్నాను. ఆ రోజు నాకు ఎంత హాయిగా అనిపించిందో మీతో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

క్యాసెట్ వచ్చింది. అబ్బ, ఆ రోజులు! మాగడి రోడ్డు దుకాణాల్లో నా పాట మోగుతుంటే రోడ్డు దాటకుండా నిలబడిపోయేదాన్ని. మీకు తెలిసే ఉంటుంది, బెంగళూరులో చవితి వెళ్లాక కూడా నెలల తరబడి వీధివీధినా గణపతి పందిళ్లు, ఆర్కెస్ట్రాలు. మమ్మల్ని పిలవడం మొదలుపెట్టారు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. మంజును తెర వెనక నిలబెట్టి ఆడగొంతు పాట పాడించడం. జనం అమ్మాయనుకుని వింటుంటారు. చివరి చరణంలో తెర లాగేస్తే, సన్నగా పొడుగ్గా ఒక కుర్రాడు! వీధి వీధంతా లేచి అరిచేది. ఈలలు, చప్పట్లు, మళ్లీ పాడమని గోల. నేను కీబోర్డు మీద మళ్లీ పల్లవి ఎత్తుకునేదాన్ని. మంజు నావైపు చూసి నవ్వేవాడు. వాడూ సంతోషంగానే ఉండేవాడు. మొదట్లో.

తర్వాత ఈలలు మారాయి. ఎప్పుడు మారాయో నాకు తెలుసు, తెలియనట్టు వాయించాను. మంజు పీయూసీలో, అంటే మన ఇంటర్‌లో, చేరాడు. చేతులూ కాళ్లూ పొడుగ్గా సాగాయి, ముఖం మాత్రం పసిపిల్లాడిది. తెర లాగగానే ఇప్పుడు నవ్వేవారు. కాలేజీలో పిల్లలు వాణ్ని ఏమని పిలిచేవారో రాయను. వాడు కాలేజీ మానేశాడు. మానేసి, ఒక సాయంత్రం రిహార్సల్‌కు అందరికంటే ముందు వచ్చి అడిగాడు.

"మిస్, నా గొంతెప్పుడు మారుతాది?"

అప్పుడు చెప్పొచ్చు కదా! ఎన్నిసార్లు నన్ను నేను అడుగుతానో. మొదటిసారి కత్తిరించి అతికించాను, సరే. రెండోసారి? ఏడుపు ఆపుకుంటూ ఎదురుగా నిలబడ్డాడు, సరైన జవాబు నా నాలుక మీదే ఉంది. నేనేమన్నానో తెలుసా? "ఇలాంటి గొంతు కోటి మందిలో ఒకరికొస్తుంది మంజూ. పోవాలని కోరుకోకు." తల ఊపాడు. నా మాట వినేవాడు. అదే వాడి ఖర్మ.

ఆ ఏడాది చవితి రోజుల్లో స్టేజీ దిగుతూ కాలు జారి పడ్డాడు. పెద్ద ఎత్తేం కాదు. చిన్నపిల్లలు దూకుతారు అక్కడి నుంచి. తుంటి దగ్గర ఎముక విరిగింది. ఎముకల డాక్టరు ఫోటోలు చూసి, ఈ వయసులో ముసలివాళ్ల ఎముకల్లా ఉన్నాయేమిటని హార్మోన్ల విభాగానికి పంపాడు. వేరే ఆసుపత్రి, వేరే డాక్టరు. ఈసారి ఒక మేడమ్. మళ్లీ అదే రక్తపరీక్ష. అవే మూడు, మూడూ తక్కువ. వాసన తెలియకపోవడం. ఇంజెక్షన్ పరీక్ష, స్కాన్. ఆ కుర్ర డాక్టరు ఒక్క కాఫీపొడితో పట్టుకున్నదే నిజమని తేలింది.

నేను మంచం పక్కనే ఉన్నాను. ఆ మేడమ్, "ఇంతకు ముందు ఎవరికీ చూపించలేదా?" అని అడిగింది. గౌరమ్మ భగ్గుమంది.

"చూపిస్తిమమ్మా! ఆయప్ప ఏం లేదు, ఆగండి అన్యాడు. వాని చేతులు పడిపోను! నా బిడ్డని కుంటోణ్ని చేసినాడు!"

నా వైపు చూసింది, సాక్ష్యం చెప్పమన్నట్టు. నేను తల దించుకున్నాను. దించుకున్న తల, అవునన్నట్టే కదా. ఏ పాపమూ ఎరుగని ఆ నెల్లూరు డాక్టరు మీద ఆ తిట్లన్నీ నా కళ్ల ముందే పడ్డాయి. నేను పడనిచ్చాను.

మంజుకు మందు మొదలైంది. ఇక్కడొక సంగతి చెప్పాలి, చెప్పకపోతే ఈ ఒప్పుకోలు సగమే. కొన్ని నెలలకు మా ఇంటికి ఫోన్ వచ్చింది. ఎవరో మగమనిషి. ఎవరండీ అన్నాను. అవతల పెద్దగా నవ్వు.

"నేనే మిస్! మంజు! గుర్తు పట్టల్యా? ఎవురూ పట్టేది లేదు మిస్! అంగట్లో అన్నా అంటుండారు నన్ను!"

ఆ సంతోషం! వైరు గుండా వచ్చి చెవిలో గంతులేస్తోంది. వాడు ఊరికే ఏదో మాట్లాడుతున్నాడు, తన గొంతు తనే వినడానికి. నేనూ నవ్వాను, కేకలేశాను, శెభాష్ అన్నాను. ఫోన్ పెట్టేసి కూర్చుని ఏడ్చాను. వాడికి చేసిన దానికి కాదు. పోయిన ఆ పై పంచమానికి. అప్పటికీ నేను అంతే. ఇదొక్కటి ఎవరికీ చెప్పలేదు, ఈ ఉదయం గౌరమ్మకు కూడా.

మంజు మళ్లీ పాటల జోలికి రాలేదు. కొంచెం కుంటుతాడు. హెబ్బగోడి దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనికి చేరాడు. పెళ్లయింది. పిల్లలు పుట్టడానికి వేరే ఇంజెక్షన్లని ఆ మేడమ్ ఓపిగ్గా ఇప్పించింది. పోయిన నెల కూతురు పుట్టింది. బారసాలకు పిలిచాడు. పదిమంది ముందు బిడ్డను నా ఒళ్లో పెట్టి అన్నాడు: "ఫస్టు ఫస్టు నన్ను ఆసుపత్రికి తీసకపోయింది మా మిస్సే. ఆ డాక్టరు సరిగ్గా చెప్పింటే అప్పుడే బాగయిపోతా ఉంటి. మిస్ చేసేదంతా చేసింది."

బిడ్డ నా వేలు పట్టుకుంది. నేను భోజనం చెయ్యకుండానే వచ్చేశాను.

వారమంతా నిద్ర లేదు. ఈ ఉదయం మాగడి రోడ్డు వెళ్లాను. మంజు పనికి పోయాడు. కోడలు లోపల బిడ్డకు స్నానం చేయిస్తోంది. గౌరమ్మ ఇప్పుడు షెడ్డుకు పోవడం మానేసింది, గుమ్మంలో కూర్చుని చింతపండు ఒలుస్తోంది. కూర్చోమంది. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. డాక్టరు అన్నీ చెప్పాడు గౌరమ్మా. ఇంకో పరీక్ష చెయ్యాలన్నాడు, ఆలస్యం వద్దన్నాడు, మీ ఇద్దర్నీ పంపమన్నాడు. నేనే నీకు చెప్పలేదు. వాడి గొంతు పోతుందనే చెప్పలేదు.

ఆమె చింతపండు ఒలవడం ఆపలేదు. విన్నదా లేదా అనుకున్నాను. ఇంకో కాయ ఒలిచి, గింజలు తీసి పక్కన పెట్టి అడిగింది.

"ఆ డాక్టరప్ప యాడుండాడు ఇప్పుడు?"

తెలియదన్నాను.

"పొద్దున లేస్తే ఆయప్పని తిడతాంటి. దేవుని ముందర దీపం పెట్టి మరీ తిడతాంటి." ఆమె చేతులు అప్పుడు ఆగాయి. "ఆయప్పకి బిడ్డలుండారో ఏమో."

నేను క్షమించమని అనబోయాను. చెయ్యి ఎత్తి ఆపింది.

"వానికి నేను చెప్పుకుంటా. నీ నోట వద్దు. నువ్వింక పో."

అక్కా అనలేదు.

వచ్చేశాను. బస్సెక్కలేదు. ఆ ఎండలో, ఆ లారీల మధ్య నడిచాను. నడుస్తుంటే ఏమైందో తెలుసా? ఒళ్లు తేలికైంది. అడుగులు వాటంతట అవే పడ్డాయి. ఒకావిడ అన్నేళ్లు తిట్టిన తిట్లు తిరిగి ఆమె ఒళ్లోనే పోసి వచ్చి నేను తేలికపడటమేమిటి? సిగ్గు లేదా? ఉంది. సిగ్గూ ఉంది, తేలికా ఉంది, రెండూ పక్కపక్కనే నడిచాయి ఇంటిదాకా.

ఈపాటికి మంజు షిఫ్టు దిగి ఇంటికి చేరి ఉంటాడు. గౌరమ్మ చెబుతూ ఉంటుంది. వాడు వస్తాడో, తిడతాడో, ఇక జన్మలో నా ముఖం చూడడో. ఏదైనా వాడిష్టం. ఇన్నాళ్లూ వాడి ఇష్టాన్ని కూడా నేనే దాచుకున్నాను కదా. నాకు భయంగా ఉంది. వీధి తలుపు మాత్రం తీసే పెట్టాను.